గోవాలో ఏ ఊళ్ళో దిగాలి? తిరుపతి, చిత్తూరు నుంచి పోయేవాళ్ళకు ఒక పోలిక

తిరుపతికి వచ్చే చుట్టాలు మనల్ని మొదట అడిగేది ఒకటే: రూము కొండ మీద తీసుకోవాలా, కింద తీసుకోవాలా? మనం వెంటనే జవాబు చెప్పం. దర్శనం ఎన్ని గంటలకు, ముసలివాళ్ళు ఉన్నారా, కాళహస్తి, కాణిపాకం కూడా పోతారా అని తిరిగి అడుగుతాం. అదే మనం గోవాకు బయల్దేరితే ఈ తెలివంతా ఎక్కడికో పోతుంది. ఫోన్లో కనబడిన మొదటి 'బీచ్‌కు రెండు నిమిషాలు' రూము బుక్ చేసేసి, ఆ తర్వాత బండి ఎక్కడ ఆగుతుందో చూసుకుంటాం.

గోవా చిన్నదే. 3,702 చదరపు కిలోమీటర్లు. మన పాత ఉమ్మడి చిత్తూరు జిల్లా 15,152. అంటే అందులో నాలుగో వంతు. ఈ లెక్క చూసి 'ఎక్కడ దిగితే ఏంలే, అంతా చుట్టేయొచ్చు' అనుకుంటారు. కానీ మాండవి, జువారి నదులు రెండూ రాష్ట్రాన్ని అడ్డంగా కోసుకుంటూ సముద్రంలో కలుస్తాయి. పల్లె రోడ్లు సన్నవి, మలుపులు జాస్తి. ఓలా, ఊబర్ అక్కడ నడవవు. బస్సులు చీకటి పడేదాకా బాగానే ఉంటాయి, రాత్రి 8 దాటిందంటే పల్చబడిపోతాయి. పై కొసన అరంబోల్‌లో రూము తీసుకుని కింది కొసన పాలోలెం చూసి వద్దామనుకున్నారో, ఆ రోజంతా కారు సీట్లోనే గడుస్తుంది.

అందుకే నా సలహా: బీచ్‌ను చూసి ఊరు ఎంచుకోకండి. మీరు ఏ దారిన గోవాలో అడుగుపెడుతున్నారు, చీకటి పడ్డాక ఎలా తిరుగుతారు, ఈ రెండూ తేల్చుకోండి. ఊరు దానంతట అదే తేలుతుంది.

ముందు దారి సంగతి

తిరుపతి నుంచి వాస్కోడగామాకు వారానికొక రైలు ఉంది. రేణిగుంట, కడప, గుంతకల్లు, బళ్ళారి, హుబ్బళ్ళి, లోండా మీదుగా పోయి పడమటి కనుమలు దిగుతుంది. ఎక్కి కూర్చుంటే చాలు, మారే పని లేదు. చిక్కల్లా అది వారానికి ఒక్కసారే కావడం. మీ సెలవులు దాని రోజుకు సరిపడితే అదృష్టం. సరిపడకపోతే తిరుపతి నుంచి కొల్హాపూర్ పోయే హరిప్రియ ఎక్స్‌ప్రెస్ రోజూ ఉంటుంది. అందులో హుబ్బళ్ళిలో దిగి బస్సు మారొచ్చు. చిత్తూరు, పలమనేరు వాళ్ళకు ముల్‌బాగల్, కోలారు మీదుగా బెంగళూరు చేరుకోవడమే సుఖం. అక్కడ యశ్వంతపూర్ నుంచి వాస్కోకు రోజూ రైలు, రాత్రిపూట లెక్కలేనన్ని స్లీపర్ బస్సులు.

ఈ రైళ్ళన్నీ వాస్కో చేరే ముందు మడ్గావ్‌లో ఆగుతాయి. రైల్వే వాళ్ళు మడ్గావ్ అని రాసేది, రోడ్డు బోర్డుల మీద మార్గావ్ అని కనబడేది ఒకే ఊరు. టికెట్ 'వాస్కో' అని ఉంది కదా అని చివరిదాకా కూర్చోకండి. నూటికి తొంభై మందికి దిగాల్సిన చోటు మడ్గావే.

విమానమైతే బెంగళూరు నుంచో చెన్నై నుంచో. ఇక్కడ కళ్ళు తెరిచి చూడాల్సిన సంగతొకటి ఉంది: గోవాకు ఇప్పుడు రెండు విమానాశ్రయాలు. పాతది వాస్కో పక్కన దబోలిం, టికెట్ మీద జీఓఐ అని ఉంటుంది. 2023 జనవరిలో మొదలైన కొత్తది మోపా, జీఓఎక్స్ అని ఉంటుంది. దబోలిం నడిమధ్యలో ఉంటే, మోపా మహారాష్ట్ర సరిహద్దు దగ్గర ఉత్తర కొసన ఉంది. టికెట్ వెయ్యి రూపాయలు తక్కువని మోపాకు దిగి, పాలోలెంలో రూము పెట్టుకున్నవాళ్ళు నూరు కిలోమీటర్ల దాకా టాక్సీకి కట్టాలి. మిగిలిన వెయ్యి ఎక్కడికి పోయిందో మరి వెతుక్కోనక్కర్లేదు.

సొంత కారులో పోయేవాళ్ళకైతే ఘాటును బట్టి ఊరు. హుబ్బళ్ళి నుంచి యల్లాపూర్, అంకోలా, కార్వార్ మీదుగా పోతే గోవాలో మొదట తగిలేది దక్షిణాన కాణకోణ, అంటే పాలోలెం. లోండా, అన్‌మోడ్ ఘాటు దిగితే మోలెం మీదుగా పోండా వస్తుంది. బెళగావి నుంచి చోర్లా ఘాటు దిగితే ఉత్తర గోవా. తిరుపతి నుంచి ఎటు చూసినా 800 కిలోమీటర్ల పైమాటే. అంతసేపు బండి తోలిన మనిషిని అలసటలో మళ్ళీ రాష్ట్రం ఆ చివరికి తోలమనడం అన్యాయం. దిగిన ఘాటు కింద ఉన్న ఊళ్ళోనే మొదటి రాత్రి పడుకోండి.

చీకటి పడ్డాక ఎలా తిరుగుతారు?

పగటిపూట గోవాలో బస్సుల మీద తిరగడం తేలికే. ప్రభుత్వ బస్సుల పేరు కదంబ. పనాజీ నుంచి మడ్గావ్‌కు, వాస్కోకు షటిల్ బస్సులు ఉంటాయి: కిందే కౌంటర్లో టికెట్ తీసుకుని లైన్లో ఎక్కుతారు, మధ్యలో ఎక్కడా ఆగవు. ప్రైవేటు బస్సుల్లో కండక్టర్ తలుపు పట్టుకుని వేలాడుతూ 'పొణ్జే పొణ్జే', 'మాప్సా మాప్సా' అని అరుస్తుంటాడు. అవి పనాజీ, మాపుసా అని తెలిస్తే చాలు.

రాత్రికి మిగిలేవి టాక్సీ, అద్దె స్కూటరు. టాక్సీ స్టాండు వాళ్ళు ఖాళీగా తిరిగి వెళ్ళే ఖర్చు కూడా కలిపే చెప్తారు. దూరం కొంచెమే అయినా రేటు గుండె గుభేలుమనేలా ఉంటుంది. గోవామైల్స్ అనే యాప్‌లో రేటు ముందే కనబడుతుంది, కాబట్టి ఫోన్లో వేసుకుని పోండి. ఒంటరిగా పోయేవాళ్ళకు మరో సౌకర్యం 'పైలట్', అంటే మోటార్‌సైకిల్ టాక్సీ. లైసెన్సు ఉన్న పద్ధతే, మార్కెట్ల దగ్గర, బస్టాండ్ల దగ్గర నిలబడి ఉంటారు.

స్కూటరు అద్దెకు తీసుకుంటే నంబరు ప్లేటు చూడండి. నల్ల పలక మీద పసుపు అక్షరాలు ఉంటేనే అది అద్దెకు ఇవ్వదగ్గ బండి. తెల్ల ప్లేటు బండి నూరు రూపాయలు తక్కువకు ఇస్తానంటే వద్దనండి. పోలీసులు ఆపితే జరిమానా కట్టేది మీరే. లైసెన్సు, హెల్మెట్ సంగతి చెప్పక్కర్లేదు. మన అలిపిరి దగ్గర ఎలా చూస్తారో అక్కడ పనాజీ వంతెనల దగ్గర అలా చూస్తారు.

స్కూటరు తోలేవాళ్ళు ఇద్దరుంటే ఏ ఊరైనా మీదే. అమ్మానాన్నలతో, పిల్లలతో పోతే బస్టాండు, హోటళ్ళు నడక దూరంలో ఉన్న ఊరు కావాలి. అలాంటివి రెండే: పనాజీ, మడ్గావ్.

ఒక్క చూపులో

| ఊరు | చేరడానికి | స్కూటరు లేకుండా | శాకాహారం | రాత్రి సందడి | ఎవరికి బాగు |
|---|---|---|---|---|---|
| పనాజీ | కర్మలి స్టేషన్, లేదా మడ్గావ్ నుంచి షటిల్ | హాయిగా | దండిగా | మోస్తరు | కుటుంబాలు, మొదటిసారి పోయేవాళ్ళు |
| మడ్గావ్ | అన్ని రైళ్ళూ ఇక్కడే | పర్వాలేదు | దండిగా | లేదు | తక్కువ ఖర్చు, దక్షిణం చూసేవాళ్ళు |
| మాపుసా, కలంగుట్ పక్క | థివిమ్ స్టేషన్, మోపా | పగలు సరే, రాత్రి కష్టం | వెతుక్కోవాలి | చాలా | కుర్రాళ్ళ బ్యాచ్ |
| వాస్కో | రైలు చివరి స్టేషన్, దబోలిం | పర్వాలేదు | ఉంది | లేదు | ఒక్క రాత్రి ఆగేవాళ్ళు |
| పోండా | మడ్గావ్ నుంచి రోడ్డు | గుళ్ళకు ఆటో | దండిగా | లేదు | పెద్దవాళ్ళు, గుళ్ళు చూసేవాళ్ళు |
| కాణకోణ, పాలోలెం | కాణకోణ స్టేషన్, కార్వార్ దారి | బీచ్ వదలకపోతే సరే | సీజన్లో ఉంది | తక్కువ | కొత్త జంటలు, కారులో వచ్చేవాళ్ళు |

పనాజీ: బీచ్ లేని రాజధాని

మొదటిసారి పోయే కుటుంబాలకు నేను కళ్ళు మూసుకుని పనాజీ చెప్తాను. వినగానే 'అక్కడ బీచ్ లేదు కదా' అంటారు. నిజమే. మిరామార్ అని ఊరి చివర ఒకటుంది గానీ అది సాయంత్రం కూర్చోవడానికే, మునగడానికి కాదు. కానీ కలంగుట్ 15 కిలోమీటర్లు, పాత గోవా 10 కిలోమీటర్లు, మాపుసా 13 కిలోమీటర్లు. పగలు ఎక్కడికైనా పోయి, సాయంత్రం ఊళ్ళోకి వచ్చేస్తే ఇక టాక్సీతో పనే లేదు.

1843లో పోర్చుగీసువాళ్ళు రాజధానిని పాత గోవా నుంచి ఇక్కడికి మార్చారు. ఊరి తూర్పు పక్క ఫొంటైన్యాస్ అనే పేట ఉంది: పసుపు, నీలం, ఎరుపు గోడలు, పెంకుల కప్పులు, మనిషి ఒకడే నిలబడగలిగే బాల్కనీలు. ఉదయం 7 గంటలకు పోతే రొట్టెలమ్మే అతను సైకిల్ హారన్ కొట్టుకుంటూ ఇంటింటికీ ఆగుతుంటాడు. పాలిథిన్ పట్టా కప్పిన బుట్టలో వేడి పావ్‌లు. పదయిందంటే ఫోటోల మూకలు దిగుతాయి. అవి జనం కాపురముంటున్న ఇళ్ళు. గడప మెట్ల మీదెక్కి ఫోటోలు దిగితే లోపలి ముసలమ్మ బయటికొచ్చి కసురుతుంది, ఆమె తప్పేమీ లేదు.

నది ఒడ్డున పాత సచివాలయం పక్కన ఒక విచిత్రమైన విగ్రహం ఉంది. ఒకాయన చేతులు చాచి ఒక స్త్రీని మైమరపిస్తున్నట్టు నిలబడి ఉంటాడు. ఆయన అబే ఫారియా, 1756లో కాండోలింలో పుట్టి ప్యారిస్‌లో హిప్నాటిజం మీద పేరు తెచ్చుకున్న గోవా పాదిరి. పిల్లలకు చూపించి కథ చెప్పండి, చర్చిల కన్నా ఇదే గుర్తుంచుకుంటారు.

పాత గోవాకు బస్సు ఎక్కితే రిబందర్ గట్టు మీదుగా పోతుంది. అది 1630ల్లో కట్టిన మూడు కిలోమీటర్ల పైచిలుకు కట్ట; ఇటు మాండవి, అటు ఉప్పు మడులు. పాత గోవా చర్చిలు 1986 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. 1605లో పూర్తయిన బోం జీసస్ బసిలికాలో సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ పార్థివ దేహం ఉంది. పదేళ్ళకోసారి దాన్ని కిందికి దించి దర్శనానికి పెడతారు. 2024 నవంబరు నుంచి 2025 జనవరి దాకా జరిగింది కాబట్టి మళ్ళీ చాలా కాలం పడుతుంది. మనకు అలవాటైన క్యూ లైన్లేవీ లేకుండా మామూలు రోజుల్లో గంటన్నరలో అన్నీ చూసేయొచ్చు. మోకాళ్ళు, భుజాలు కప్పే బట్టలు వేసుకోండి.

పనాజీలో తేడా చేసేది తిండి. ఉడుపి హోటళ్ళున్నాయి, పొద్దున్నే పావ్‌భాజీ దొరికే పాత కేఫులున్నాయి. మన నాలుకకు అక్కడి కూరల్లో కారం తక్కువ, కొబ్బరి జాస్తి. పెద్దవాళ్ళుంటే పప్పుల పొడి, ఒక ఊరగాయ డబ్బా వేసుకుని పోండి, సిగ్గుపడేదేం లేదు. మాంసం, చేపలు తినేవాళ్ళు మధ్యాహ్నం ఫిష్ థాలీ తినాలి. మధ్యాహ్నం 1 నుంచి 3, 4 దాకా చాలా కొట్లు మూసేస్తారు, షాపింగ్ దానికి ముందో వెనకో పెట్టుకోండి.

లోపమూ ఉంది. సాయంత్రమయ్యేసరికి మాండవి మీద కాసినో ఓడల దీపాలు వెలుగుతాయి, ఒడ్డున ఏజెంట్ల గోల, కార్ల రద్దీ. కుటుంబంతో ఉంటే నదికి ఎదురుగా ఉన్న హోటల్ కాకుండా, లోపల చర్చి స్క్వేరు పక్క వీధుల్లో తీసుకోండి. నది మీద ఊరికే తిరగాలంటే డబ్బు పోసి క్రూజు ఎక్కకముందు ఒకసారి బేటిం ఫెర్రీ ఎక్కి అటు దాటి ఇటు రండి. నడిచి ఎక్కేవాళ్ళకు టికెట్టే లేదు.

మడ్గావ్: అందం తక్కువ, సౌకర్యం ఎక్కువ

మన రైలు దిగే ఊరు ఇది. కొంకణ్ రైలు మార్గం, మన హుబ్బళ్ళి వైపు నుంచి వచ్చే మార్గం కలిసేది ఇక్కడే. గోవా వ్యాపారమంతా ఈ ఊళ్ళోనే. అందుకే చూడ్డానికి అందం కనబడదు: హారన్లు, సన్న వీధులు, హోల్‌సేల్ కొట్లు. కానీ రూము రేట్లు పనాజీ కన్నా, బీచ్ కన్నా దిగువన ఉంటాయి. కొల్వా బీచ్ 6 కిలోమీటర్లే, బస్సులు గంట గంటకీ కాదు, వెంట వెంటనే ఉంటాయి. తెల్లని ఇసుక, వెడల్పాటి తీరం. ఆదివారం కొల్వా జాతరలా కిక్కిరిసిపోతుంది. ఆ రోజు పక్కన బెనావులింకు పోండి.

కొనాల్సినవి ఉంటే మడ్గావ్ పాత మార్కెట్ లోపలికి పోవాలి. పై కప్పు కింద సందులు సందులుగా ఉంటుంది. నల్లగా మెరిసే కోకం అనే పుల్లటి పండు పెచ్చులు గుట్టలుగా పోసి ఉంటాయి, పక్కనే ఎండు చేపలు, దండలుగా కట్టిన పంది మాంసపు సాసేజీలు, జీడిపప్పు. కోకం నిమ్మళంగా నలిపి చూసి కొనండి: మెత్తగా, కొంచెం తడిగా ఉంటే కొత్తది, విరిగితే నిరుటిది. చింతపండు వాడే మన వంటింట్లో అది ఎండాకాలం షర్బత్తుకు బాగా పనికొస్తుంది. బీచ్ పక్క షాపుల్లో దొరికే జీడిపప్పు ప్యాకెట్ల కన్నా ఇక్కడ నాణ్యం, ధర రెండూ నయం.

దూద్‌సాగర్ జలపాతం చూడాలనుకునేవాళ్ళకు కూడా మడ్గావే దగ్గర. 310 మీటర్ల ఎత్తు నుంచి నాలుగు మెట్లుగా దూకుతుంది. కులెం నుంచి అడవిలోకి జీపుల్లో తీసుకుపోతారు, వానాకాలంలో జీపులు బందు. రైలు పట్టాల మీద నడిచి పోవడం నిషేధం, వీడియోలు చూసి ప్రయత్నించకండి. మన వాస్కో రైలు కూడా కాసిల్ రాక్, కులెం మధ్య ఈ జలపాతం పక్కనుంచే పోతుంది. టికెట్ తీసేటప్పుడు ఆ రెండు స్టేషన్ల మధ్య బండి వెలుతురులో ఉంటుందో లేదో టైమ్ టేబుల్లో చూసుకుంటే, పోయేటప్పుడు మెలకువతో ఉండాలా, వచ్చేటప్పుడా అన్నది తేలుతుంది.

రాత్రి 9కి ఊరు నిద్రపోతుంది. అది కొందరికి లోపం, చిన్న పిల్లలున్నవాళ్ళకు వరం.

మాపుసా, దాని కింద ఉత్తరం బీచ్‌లు

మన కుర్రాళ్ళ మనసులో గోవా అంటే ఇదే: కాండోలిం, కలంగుట్, బాగా, అంజునా, వాగటోర్. మాపుసా వీటన్నిటికీ బస్టాండు. రేట్లు తక్కువని మాపుసాలో రూము తీసుకుందామన్న ఆలోచన వస్తుంది. వద్దంటాను. రాత్రి పదకొండింటికి బాగా నుంచి మాపుసాకు టాక్సీ ఖర్చులో రూము మీద మిగిలింది పోతుంది. మాపుసాకు శుక్రవారం సంతకు పోండి, అంతే. పల్లెల నుంచి తెచ్చిన మిరపకాయలు, బెల్లం, అరటిపండ్లు, కుండలు అన్నీ వస్తాయి.

బీచ్‌లలో ఏది? కలంగుట్, బాగా జనసముద్రం: పారాసెయిలింగ్, జెట్‌స్కీ, చెవులు పగిలే పాటలు. మొదటిసారి స్నేహితులతో పోయేవాళ్ళకు అదే కావాలి కాబట్టి వద్దనను. వాటర్ స్పోర్ట్స్ బేరం ఒడ్డున వెంటబడే ఏజెంటుతో కాకుండా బోటు దగ్గరికే పోయి మాట్లాడండి. కాండోలిం కొంచెం నిదానం, పక్కనే 1612 నాటి అగ్వాద కోట. అంజునా, వాగటోర్‌లో ఇసుక కన్నా రాళ్ళు జాస్తి, కుటుంబం స్నానాలకు అనువు కాదు, సూర్యాస్తమయానికి బాగు. ఇంకా పైకి మోర్జిం, అరంబోల్ పోతే నిశ్శబ్దం, కానీ స్కూటరు లేకుంటే చిక్కుకుపోతారు.

బీచ్ మీద మందు తాగడం, వంట చేయడం గోవా చట్టం ప్రకారం నేరం, జరిమానా కడుతున్నవాళ్ళలో మన తెలుగు బ్యాచ్‌లు తక్కువేమీ కావు. షాక్‌లో, అంటే బీచ్ మీద వేసే తాత్కాలిక పాక హోటల్లో, కూర్చుని తాగితే ఎవరూ ఏమీ అనరు. నీళ్ళలో ఎర్ర జెండా ఉన్నచోట దిగకండి; మనవాళ్ళలో ఈత రానివాళ్ళు ఎక్కువ, అలల కింద ఇసుక కోతపడి గుంటలుంటాయి.

వాస్కో

ఓడరేవు, నౌకాదళం, విమానాశ్రయం. చూడ్డానికి బోగ్మాలో బీచ్, నౌకాదళ విమానాల మ్యూజియం. పొద్దున్నే దబోలింలో విమానం పట్టాలంటే ముందు రాత్రి ఇక్కడ ఉండండి. అంతకు మించి దీన్ని ఎంచుకోవడానికి కారణం కనబడదు.

పోండా: తిరుపతి వాళ్ళు మరిచిపోయే ఊరు

నన్నడిగితే మన ప్రాంతపు పెద్దవాళ్ళకు గోవాలో అన్నిటికన్నా నచ్చేది ఇదే, అయినా ఏ ప్యాకేజీలోనూ దీనికి గంట కన్నా ఎక్కువ ఇవ్వరు. మంగేశి, మార్దోల్‌లో మహాలస, కవళెలో శాంతాదుర్గ, బాందోడెలో నాగేశి, రామనాథి, అన్నీ పోండా చుట్టుపక్కలే. ఇన్ని గుళ్ళు ఒక్కచోట ఎందుకున్నాయంటే, వీటిలో చాలా వాటి మూలస్థానం ఇక్కడ కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు తీరం వైపు సాష్టీ, బార్దేస్, తిస్వాడీ ప్రాంతాల్లో గుళ్ళు కూలుస్తుంటే, భక్తులు విగ్రహాలను రాత్రికి రాత్రి నది దాటించి అప్పటికి వాళ్ళ చేతికి చిక్కని పోండా సీమకు తెచ్చుకున్నారు. మంగేశుడు జువారి ఒడ్డున కుశస్థలి నుంచి 1560లో ఇక్కడికి వచ్చాడు. పోండా పోర్చుగీసు చేతికి పోయింది 18వ శతాబ్దంలో. అప్పటికి వాళ్ళ పట్టుదల సడలిపోయింది.

గుడి రూపం మనకు కొత్తగా ఉంటుంది. గాలిగోపురం లేదు. గర్భగుడి మీద గుమ్మటం, ముందు ఏడంతస్తుల తెల్లటి దీపస్తంభం, పక్కన కోనేరు, లోపల చల్లటి నేల. తిరుమలలో గంటలు గంటలు కూర్చుని వచ్చిన మనకు, లోపలికి పోయిన రెండు నిమిషాల్లో దేవుడి ఎదురుగా నిలబడటం ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. ఇదే పోండాలో ఆదిల్‌షాహీల కాలపు సఫా మసీదు కూడా ఉంది. సుగంధద్రవ్యాల తోటలూ ఈ చుట్టుపక్కలే: మిరియాల తీగ, జాజికాయ, వక్క చెట్టు చూపించి, ఆకులో భోజనం పెడతారు. కారు ఉండి ఓపిక ఉంటే మోలెం అడవి అంచున తాంబ్డీ సుర్లా మహాదేవ ఆలయం వదలకండి, కదంబుల కాలంలో నల్లరాతితో కట్టింది, గోవాలో అంత పాత గుడి నిలిచి ఉండటమే విశేషం.

ఉండటానికి పోండా కన్నా మడ్గావ్‌లోనో పనాజీలోనో ఉండి ఒక రోజు ఇక్కడ గడపడం మేలు. అన్‌మోడ్ ఘాటు దిగి కారులో వచ్చేవాళ్ళు మాత్రం మొదటి రాత్రి పోండాలో పడుకోవచ్చు.

కాణకోణ, పాలోలెం

చంద్రవంకలా వంగిన బీచ్, రెండు కొసలా రాళ్ళు, అల తక్కువ. ఈత అంతగా రానివాళ్ళకు గోవాలో అనువైన తీరాల్లో ఇదొకటి. బీచ్ మీది గుడిసెలు వానలకు ముందు విప్పేసి, అక్టోబరు, నవంబరులో మళ్ళీ కడతారు. కాబట్టి సెప్టెంబరులో పోయి 'ఫోటోలో ఉన్న గుడిసె ఏది' అని అడగొద్దు. పక్కన అగోండా ఇంకా నిశ్శబ్దం, తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరం. పెళ్ళైన కొత్తలో పోయేవాళ్ళకు, బెంగళూరు ఉద్యోగాల నుంచి నాలుగు రోజులు ఫోన్ పక్కన పెట్టాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. పాత గోవా, మాపుసా సంత కూడా చూడాలనుకుంటే మాత్రం ఇది తప్పు చోటు, మడ్గావ్‌కే 40 కిలోమీటర్ల దాకా ఉంది.

ఎవరు ఎక్కడ?

అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలతో మూడు రాత్రులైతే మూడూ పనాజీలో. ఒక రోజు పాత గోవా, ఊరు. ఒక రోజు కారు మాట్లాడుకుని మంగేశి, మహాలస, తోట. ఒక రోజు కాండోలిం. రూము మార్చకండి. పెట్టెలు సర్దడం, దింపడంలోనే సగం రోజు పోతుంది.

తిరుపతి వీక్లీ రైల్లో తక్కువ ఖర్చుతో పోయే విద్యార్థులకు మడ్గావ్‌లో దిగి అక్కడే రెండు రాత్రులు, తర్వాత స్కూటర్లు తీసుకుని ఉత్తరాన అంజునా పక్క రెండు రాత్రులు. స్కూటరు తోలడానికి ఎవరికీ లైసెన్సు లేకపోతే ఉత్తరం వదిలేసి కొల్వాతో సరిపెట్టుకోండి.

నలుగురైదుగురు స్నేహితులు కారులో పోతుంటే కార్వార్ మీదుగా దిగి పాలోలెంలో మొదటి రాత్రి, తర్వాత కాండోలిం లేదా బాగా, తిరుగు ప్రయాణం చోర్లా ఘాటు ఎక్కి బెళగావి మీదుగా. ఒకే దారిన పోయి వచ్చే పని లేదు, రాష్ట్రమంతా ఒక కొస నుంచి ఇంకో కొసకు చూసినట్టవుతుంది. వానాకాలంలో ఘాట్లలో కొండచరియలు విరిగిపడుతుంటాయి, బయల్దేరే ముందు ఏ ఘాటు తెరిచి ఉందో కనుక్కోండి.

పెద్దవాళ్ళు మాత్రమే పోతుంటే, మాటవరసకు అత్తామామలిద్దరూ, గుళ్ళు, చర్చిలు చూస్తాం, సముద్రం కాసేపు చూస్తే చాలు అంటే మడ్గావ్‌లో స్టేషనుకు కొంచెం ఎడంగా, మున్సిపల్ గార్డెన్ దగ్గర హోటల్. రైలు దిగి 10 నిమిషాల్లో రూములో ఉంటారు, పోండా దగ్గర, కొల్వా దగ్గర.

ఎప్పుడు?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా రేట్లు రెండింతలకు పైనే పోతాయి, ఆ వారం పోక తప్పదంటే బీచ్ పక్కన వెతక్కుండా మడ్గావ్‌లోనో పోండాలోనో రూము చూడండి, అంత ఎగబాకవు. ఫిబ్రవరి, మార్చిలో క్రైస్తవుల ఉపవాస దినాలైన లెంట్‌కు ముందు కార్నివాల్ ఊరేగింపులు పనాజీ, మడ్గావ్, వాస్కో, మాపుసా నాలుగు ఊళ్ళల్లోనూ జరుగుతాయి. పనాజీది పెద్దది, మడ్గావ్‌లో నిలబడటానికి చోటు దొరుకుతుంది. హోళీ తర్వాత శిగ్మో ఊరేగింపులు, వాటిలో పురాణ కథల శకటాలు మనకు బాగా నచ్చుతాయి. నవంబరులో పనాజీలో అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగే రోజుల్లో హోటళ్ళు నిండిపోతాయి, తేదీలు చూసి తప్పించుకోండి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా సముద్రంలో దిగనివ్వరు, షాక్‌లు ఉండవు. అయినా వానాకాలం గోవాకు పోయేవాళ్ళు ఉన్నారు, అడవి పచ్చదనం కోసం, సగం రేటు రూముల కోసం. ఆ రోజుల్లో పోతే బీచ్ ఊళ్ళు దండగ. పనాజీలో ఉండండి, గొడుగు వేసుకుని తిరగడానికి ఫుట్‌పాత్‌లున్న ఊరు అదొక్కటే.